రెండు ముడుల దారం

పార్సిల్ విప్పగానే రబ్బరు వాసన గుప్పుమంది. గ్రైండర్ పేరూ, నంబరూ ఫోనులో సరిచూసుకుని మరీ తెప్పించుకున్న బెల్టు, తీరా చక్రాలకు ఎక్కిస్తే వదులు! తిరుపతిలో మా వంటింటి నేల మీద చతికిలబడి, తిట్టుకుంటూనే ఆ వాసన పీల్చాను. అది నగరిలో ఆరుముగం తాత అంగడి వాసన.

నా చిన్నప్పుడు నగరిలో, పగలంతా మరమగ్గాల చప్పుడులో మునిగి ఉండే మా వీధిలో గ్రైండర్ ఉన్నది మా ఒక్క ఇంట్లోనే. అందుకని ఆడికృత్తిక పండగ వచ్చిందంటే, తిరుత్తణి గుడికి మొక్కు కావళ్లు మోసేవాళ్లు దోవలోకి కట్టుకుపోయే ఇడ్లీల పిండంతా అమ్మే రుబ్బేది. నానిన మినప్పప్పు వాసన, పసుపు బట్టల్లో పరుగులు తీసే పిల్లలు, ఎవరి గిన్నె ఎవరిదో మరిచిపోకుండా అమ్మ పెట్టే సుద్దముక్క గుర్తులు, ఇల్లే ఒక తిరనాళ్ల. ఆ ఏడు పండగ ముందురోజు ఆరిళ్ల పప్పు నాని ఉబ్బిన వేళ గ్రైండర్ బెల్టు పీలికలై ఊడిపోయింది. సాయంత్రంలోగా రుబ్బకపోతే పిండి పులవదు. రుబ్బురోలు తిప్పుదామంటే అమ్మ మోచెయ్యి అప్పటికే వాచి ఉంది.

నాయన మగ్గం ఆపి వచ్చి, ఒక నూలుపోగు చక్రాల చుట్టూ తిప్పి, తెగిన పోగులు అతికించే తన సన్నటి ముడి వేసి, ఆరుముగం తాత దగ్గర బెల్టు తెమ్మని నా చేతికిచ్చాడు. నేతపనివాడికి టేపుతో పనేముంది!

"దోవలో ఆటలాడొద్దు పాపా, అది కొలత."

ఆడొద్దంటే ఆడకుండా ఉండే వయసా అది? రెండు చేతుల వేళ్లకు తగిలించి నిచ్చెనలు అల్లుకుంటూ పోతుంటే, బజారు మలుపులో పుటుక్కున తెగింది. వచ్చీరాని ముడి ఒకటి వేసి, ఏమీ ఎరగనట్టు తాత ముందు పెట్టాను.

ఆయన అంగడి నిండా చచ్చిన మిక్సీలూ, గ్రైండర్లూ, ఫ్యాన్లూ. వాటిలో పనికొచ్చేవి విప్పి తీసి, కొత్తవి కొనలేని మాబోటివాళ్ల సామాన్లను బతికించేవాడు. దారాన్ని వెలుగుకు పట్టి చూశాడు.

"ఈ ముడి మీ నాయనది. ఈ లావు ముడి ఎవురిది?"

నాకు కళ్లనీళ్లు తిరిగాయి. తాత లేచి గోడ దగ్గరికి పోయాడు. కొద్దికొద్ది తేడాతో ఉన్న మూడు పాత బెల్టులు మేకు మీంచి తీసి నా మెడలో వేశాడు.

"నీ ముడి ఎంత దారం మింగిందో యాడ తెలుస్తాది? మూడూ ఎత్తుకోని పో. సరిపోయింది పెట్టుకోని, మిగిలినవి పండగైనాక తెచ్చియ్యి."

రెండోది చక్కగా కూర్చుంది. గ్రైండర్ తిరగ్గానే నాయన మీసం దువ్వుకుని, "నా కొలత యాడికి పోతాది! పాపం, ముసలాయనకే సూపు తగ్గినట్టుండాది, మూడిచ్చినాడు," అన్నాడు. నేను పప్పు గిన్నెలు అమ్మకు అందివ్వడంలో పడ్డాను. మిగిలిన బెల్టులు తిరిగిచ్చేటప్పుడు ఈ మాట చెబితే తాత కడుపుబ్బ నవ్వాడు.

"అట్లే అనుకోనీలే పాపా."

నిన్న నేను కూడా దారంతో చక్రాలు కొలిచి, పెద్దయ్యాక నాయన దగ్గర నేర్చుకున్న ముడి వేసి, నగరి బస్సెక్కాను. తాత అంగడి ఉన్నచోట ఫోన్లు అమ్ముతున్నారు. పక్కనున్న మిక్సీ, గ్రైండర్ సామాన్ల అంగడి అమ్మాయి దారాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇదేందక్కా? మోడల్ నంబర్ సెప్పు," అంది. ఆమె తప్పేముంది? ముడి చూసి మనిషిని పోల్చగలిగిన తాతా లేడు, ఆ ముడి వేసిన నాయనా లేడు.

ఆ ముసలాయన కళ్లకు ఏ లోపమూ లేదని నాయనకు చివరిదాకా చెప్పలేకపోయాను. ఇన్నాళ్లకు, చేతులు జోడించి, ఇక్కడ చెబుతున్నాను.