పచ్చ రెట్ట, నల్ల నాలుక

గోపమ్మ నా తోడికోడలు, పెద్దామె. రజాకార్ల గొడవ సద్దుమణిగాక మోత్కూరు దగ్గర మా ఊరికి కోడలై వచ్చింది. గొర్లు కాసే ఇల్లు మాది. గొర్లు మగవాళ్లవి, కోళ్లు ఆమెవి. ఆ ఇంట్లో ఆమెది అనదగ్గవి అవే.

తెల్లారి గంప ఎత్తగానే ఆమె ముందు నేల చూసేది. రెట్ట గట్టిగా ఉండి పైన సున్నం చుక్క పెట్టినట్టుంటే సరే. అప్పుడప్పుడు జిగటగా, ముక్కు మూసుకునేంత కంపుతో పడినా సరే. పచ్చగా నీళ్లలా పడితే మాత్రం ఆ కోడిని వేరే గంప కింద మూసేది. మా అత్త గుర్వమ్మకు ఇది కిట్టేది కాదు. పొద్దు పొడవకముందే వాకిలి ఊడ్చి పేడనీళ్ల సానుపు చల్లక, రెట్ట ముందు కూర్చోవడమేమిటని తిట్టేది. మా మామ బీరప్ప గొర్రె పెంటిక చిదిమి మందకు కార్జపు జలగ పట్టిందంటే ఊరంతా తలూపేది. అది తెలివట. కోడలు చూస్తే రోతట.

ఒక ఎండాకాలం మా ఆడబిడ్డ బక్కమ్మకు పక్క ఊళ్లో కాన్పయింది. బాలింతకు పెట్టాలని అత్త ఎర్రకోడిని పట్టింది. ఆ పొద్దునే దాని కింద పచ్చటి రెట్ట చూసిన గోపమ్మ అడ్డం పోయింది.

"అత్తా, దీన్ని తీస్కపోకు. కొక్కెర రోగం తగిలింది. ఆడికి పోతే బక్కమ్మ కోళ్లన్నీ సస్తయి."

"నా బిడ్డకు కోడి పెట్టనీకె నీకు మనసొస్తలేదు, గట్ల చెప్పు."

కోడి ఇంకా గింజలు ఏరుకుంటూనే ఉంది మరి. అత్త ఆ రెట్ట మీద సానుపు చల్లి ఊడ్చేసి, కోడిని తట్టలో పెట్టుకొని పోయింది.

అక్కడ కోయకముందే అది మెడ మెలి తిప్పుకొని పడిపోయింది. తర్వాత బక్కమ్మ వాకిట్లో ఒక్క కోడీ మిగల్లేదు. ఆ వాడంతా అదే గతి.

తప్పు ఎవరిదన్నారనుకున్నారు? చెప్పినామెది. ఆమె నోటి నుంచి మాట పడింది కాబట్టే కోళ్లు చచ్చాయట. పెద్దమనిషి మల్లప్ప మా గడప ముందు కూర్చొని, నాలుక మీద నల్లమచ్చ ఉందేమో చూపించమన్నాడు. బిడ్డల తల్లి చేత అంతమంది మగవాళ్ల ముందు నాలుక చాపించారు. మచ్చ లేదు. పైకి లేకపోతే లోపల ఉంటుందన్నాడు ఆ తెలివిగలవాడు. మామ పక్కనే నిలబడి కర్రతో నేల గీకుతున్నాడే తప్ప, మా కోడలు చూసి చెప్పిందని ఒక్క మాట అనలేదు.

అప్పటి నుంచి గోపమ్మ చూసేది, చెప్పేది కాదు. కోడలికి బుద్ధి వచ్చిందని అత్త సంబరపడితే నాకు ఒళ్లు మండేది.

వానలు పడ్డాక బక్కమ్మ వచ్చింది. కొత్తగా పొదిగించిన కోడిపిల్లలు రెక్కలు వాల్చి ముడుచుకొని నిలబడుతున్నాయట. మోదుగాకులో రెట్ట చుట్టి తెచ్చింది. నిండా నెత్తురు. పెద్దొదినను చాటుగా అడిగి చెప్పమని నన్ను బతిమాలింది.

గోపమ్మ ఆ ఆకు ముట్టలేదు.

"చాటుగ చెప్ప. మీ అమ్మను పిలువు, మల్లప్పను పిలువు. గా గడప ముందట్నే చెప్త."

మల్లప్పకు తీరలేదట. అత్త వచ్చి, మొహం అటు తిప్పుకొని నిలబడింది. "చెప్పేదేందో చెప్పరాదే," అంది.

"నెత్తురు పడేటి పిల్లలను యేరు జెయ్యి. తడి జాగల ఉంచకు, పొడి బూడిద మీద పెట్టు. నీళ్ల మూకుడు రోజు కడుగు. అయినా కొన్ని సస్తయి. సచ్చేది రోగంతోని, నా నోటితోని గాదు. ముందే చెప్తున్న, ఇను."

కొన్ని చచ్చాయి. ఎక్కువ బతికాయి. బతికినవి తన బిడ్డ అదృష్టమని అత్త వాడంతా చెప్పుకుంది. చచ్చినవి ఎవరివల్లనో మాత్రం ఈసారి నోరెత్తలేదు. గోపమ్మకు ఆ ఇంట్లో దక్కిన న్యాయం అంతే.