కొసకు కొస

ధర్మవరంలో పుట్టి మగ్గం గుంటలో కాళ్లు పెట్టనివాళ్లు ఉంటే ఉండొచ్చు గానీ, కుమారస్వామి ఆ బాపతు కాదు. నడక తర్వాత అతను నేర్చింది నేతే. నలభై ఐదు దాటేసరికి కళ్లు మోసం చేశాయి. జరీ పోగు, పట్టు పోగు ఒక్కటిగానే కనబడసాగాయి. చీరల్లో తప్పులు దొర్లాయి. చేతిలో విద్య ఉండీ చేయలేకపోవడం ఎంత నరకమో పడినవాడికే తెలుసు. ఇల్లు గడవదన్న భయం కంటే, ఇక దేనికీ పనికిరాననే బెంగ అతన్ని తినేసింది.

ఆ బెంగతోనే హిందూపురంలో వెంకటేశులు బ్యాటరీ షాపులో చేరాడు. వెంకటేశులు ముక్కోపి, మనసు మాత్రం వెన్న. "స్కూటరుకు పన్నెండు వోల్టులు, కారుకూ పన్నెండే, లారీకి ఇరవై నాలుగు" అని పాఠం అప్పజెప్పించుకునేవాడు. కుమారస్వామి ఎక్కాల్లాగా వల్లించేవాడు. అర్థమైందా అంటే తల ఊపేవాడు. తలదేముంది, గంగిరెద్దు కూడా ఊపుతుంది.

ఒక మధ్యాహ్నం వెంకటేశులు భోజనానికి వెళ్లిన సమయంలో, మంజునాథ్ అనే డ్రైవరు తన ట్రాలీ ఆటో స్టార్టు కావడం లేదంటూ వచ్చాడు. షాపు ముందు ఒక లారీ ఆగి ఉంది. పెద్ద బండి బలం చిన్న బండికి మంచిదే కదా అనుకున్నాడు కుమారస్వామి. లారీలోని రెండు బ్యాటరీల అటుకొస ఇటుకొస నుంచి వైర్లు లాగి ఆటోకు తగిలించాడు. ఆటో హెడ్‌లైటు కళ్లు చెదిరేలా వెలిగి, టప్పున మాడిపోయింది. లోపల్నుంచి పొగ వచ్చింది. మంజునాథ్ నోటికొచ్చినట్టు తిట్టాడు.

వెంకటేశులు తిరిగొచ్చేసరికి కుమారస్వామి క్యారియరు సంచి పట్టుకుని మెట్లు దిగుతున్నాడు.

"యాడికి పోతాండావు?"

"ధర్మవరానికన్నా. ఈ పని నాకు రాదు. నేను దేనికీ పనికిరాని మనిషిని."

"ఆటో సంగతి నేను చూసుకుంటాలే. ముందు ఈడ కూచో. మగ్గం మీద పోగు తెగితే ఏం చేస్తావప్పా?"

"కొసకు కొస కలిపి అతుకుతా."

"రెండు పోగులు కొసకు కొస కలిపితే?"

"పొడుగైతాది."

"పక్కపక్కన పెట్టి పేనితే?"

"పొడుగు అంతే ఉంటాది. లావైతాది, బలమొస్తాది."

"వోల్టులంటే ఆ పొడుగే అనుకో. లారీలో రెండు పన్నెండ్లను కొసకు కొస కలిపినారు. ఆటోకు పన్నెండే చాలు. ఒక్క బ్యాటరీ నుంచే తీసుకోవల్ల. ఇంగ స్కూటరుది, కారుది పొడుగు ఒకటే, కారుది లావు. పెద్ద ఇంజను తిప్పల్ల గదా!"

కుమారస్వామి సంచి కింద పెట్టేశాడు. మగ్గం వదిలిన నాటి నుంచి అతనికి అర్థమయ్యే భాషలో మాట్లాడిన మొదటి మనిషి వెంకటేశులు. ఆ మేలు అతను ఈ రోజుకీ మరవలేదు.

ఇప్పుడు కుమారస్వామికి పెనుకొండలో సొంత షాపు ఉంది. మొన్న దాన్ని చూడ్డానికి వెంకటేశులు వచ్చి ఒక మూల స్టూలు మీద కూర్చున్నాడు. అంతలో కరెంటు ఆటో నడిపే రామాంజినమ్మ వచ్చింది. ఆమె బండిలో నాలుగు బ్యాటరీలు, మొత్తం నలభై ఎనిమిది వోల్టులు.

"ఒక్కటే గదన్నా పోయింది. మూడు బాగుండాయి. అయినా బండి ఎందుకు నిలబడిపోతాది?" అని అడిగింది.

"నువ్వు ముందు పూలమ్మేదానివి గదమ్మా? నాలుగు ముక్కలు కొసకు కొస ముడేసి ఒకే దండ చేసినావనుకో. ఒక ముక్కలో దారం తెగితే?"

"దండంతా జారిపోతాది."

"నీ బండిలో ఉండేదీ అట్లాంటి దండే."

రామాంజినమ్మ ముఖం విప్పారింది. ఆమె వెళ్లాక వెంకటేశులు గొంతు సవరించుకున్నాడు.

"నేను నీకు పోగు మాటే చెప్పినా. ఈ పూల మాట యాడ నేర్చినావప్పా?"

"నీ దగ్గరేనన్నా" అంటూ కుమారస్వామి చేతులు జోడించాడు.

"చేతులకు యాసిడ్ ఉండాది, ముందు కడుక్కో పో!" అని కసిరి, వెంకటేశులు కండువాతో కళ్లు తుడుచుకున్నాడు.