మా ఊరి నీళ్లు, అత్త నవ్వు

రెండు వారాల కిందట ఒక పొద్దున కోదాడ నుంచి బావ ఫోన్ చేశాడు. "అమ్మ పోయింది" అన్నాడు. పోయింది మా మేనత్త. ఎనిమిది నుంచి పదో తరగతి దాకా నన్ను సూర్యాపేటలో తన ఇంట్లో పెట్టుకొని చదివించిన మనిషి.

మాది మోతె దగ్గరి పల్లె. ఆ ఎనభైల్లో మా ఊరి నీళ్లు తాగి పెరిగిన పిల్లలందరికీ పళ్ల మీద గోధుమరంగు చారలే. అందరికీ ఉన్నవే కాబట్టి అదొక లోపమని నాకు తెలియనే తెలియదు. సూర్యాపేట బడిలో చేరిన వారానికే తెలిసింది. "నువ్వు పండ్లు తోమవా?" అని పక్కపిల్ల అందరి ముందూ అడిగింది. ఆ రోజు నుంచి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోకుండా మాట్లాడలేదు.

తోమితే పోతుందనుకున్నాను. ఇత్తడి చెంబుకు పట్టిన మరకను మా అమ్మ ఇటుక పొడితోనే వదిలించేది మరి! అత్త చూడకుండా ఇటుక పెళ్ల నూరి పొద్దునా సాయంత్రం పరపరా రుద్దేదాన్ని. మరక పోలేదు, చిగుళ్లు పుండ్లయ్యాయి. జొన్నరొట్టె నమలలేక, "ఆకలైతలేదత్తా" అని చెప్పి, చాయ్‌లో బిస్కెట్లు ముంచుకు తిని నోరైనా కడగకుండా పడుకునేదాన్ని. నొప్పికి నిద్ర ఉండేది కాదు. బళ్లో ఒకటే కునికిపాట్లు.

ఒకరోజు తువ్వాల మీద నెత్తురు అత్త కంటబడింది. "నోరు తెరువ్" అంది. చూసి, అప్పటికప్పుడే పళ్ల డాక్టరు దగ్గరికి లాక్కుపోయింది. "ఇది మురికి కాదమ్మా, తాగిన నీళ్లవల్ల పంటికే పట్టిన రంగు. రుద్దితే పన్ను అరుగుతుంది గానీ రంగు పోదు. చిగుళ్లు ఇట్లాగే పాడైతే పళ్లే ఊడిపోతాయి" అన్నాడాయన.

బయటికి రాగానే అత్త విరుచుకుపడింది. "పండ్లా అవి, బోళ్లా? ఇటుక పెట్టి తోముతవా? నా పండ్లు సూడు. గవే నీళ్లు, గదే రంగు. నేను నవ్వుడు బంజేసిన్నా?" అని ఇంత నోరు తెరిచింది. అత్త పుట్టిల్లు మా ఇల్లే కదా! రోజూ చూసే ఆ నోరు నాకెన్నడూ వికారంగా అనిపించలేదు. నడిరోడ్డు మీదే ఏడ్చేశాను.

ఇక ఇంట్లో అత్త రాజ్యం. మెత్తటి బ్రష్ తెచ్చింది. చాయ్ బంద్. చిగుళ్లు మానేదాకా పప్పన్నం, తోటకూర, మజ్జిగ. నోరు పుక్కిలించకుండా పక్కెక్కితే దుప్పటి లాగేసేది. "కడుపుకు తినక, కంటికి నిద్రలేక, పండ్లను తిడితే ఏమొస్తదే కోడలా?" అనేది. అప్పట్లో ఒళ్లు మండేది. కానీ చిగుళ్లు గట్టిపడ్డాయి, బళ్లో కునికిపాట్లూ పోయాయి.

నోటి మీది చెయ్యే తొందరగా దిగలేదు. చెయ్యి అడ్డం పెట్టి ఏం చెప్పినా, "ఏమన్నవే? ఇనబడ్తలేదు" అనేది. ఎదురింటివాళ్లకు వినబడ్డ మాట కూడా ఆమెకు వినబడేది కాదు! చెయ్యి దించితేనే చెవులొచ్చేవి. ఇప్పుడు మిర్యాలగూడలో టీచర్ని. రోజంతా నోరు తెరిచి బతికే ఉద్యోగం. ఈ బతుకు అత్త పెట్టిందే.

పెద్దకర్మకు ఫోటో కట్టించే పని బావ నాకప్పజెప్పాడు. అత్త పళ్లు కనబడేలా నవ్వుతున్న ఫోటో తీసుకెళ్లాను. స్టూడియో ఆయన దాన్ని కంప్యూటర్లో పెద్దది చేసి చూసి, "పండ్లు తెల్లగ జేయాల్నా మేడం? జర్రసేపట్ల అయితది" అన్నాడు.

"వాటిని ముట్టకు" అన్నాను. గొంతు కాస్త గట్టిగానే లేచింది.

ఇప్పుడు కోదాడ ఇంట్లో, బంతిపూల దండ నడుమ, మా ఊరి నీళ్ల రంగుతో అత్త నోరారా నవ్వుతోంది.