కుట్టు విప్పకూడని పరుపు

నాకు నవ్వు జబ్బు ఉంది. నవ్వకూడని చోటే వస్తుంది. నిఖా రోజున ఖాజీగారు నా ఒప్పుదల అడిగినప్పుడు కూడా వచ్చింది. ముసుగు కదలడం చూసి, ఏడుస్తున్నాననుకుని మా అత్తగారు నన్ను తెగ మెచ్చుకున్నారు. విజయవాడ బెంజి సర్కిల్ దగ్గరి ఒక పరుపుల షోరూములో అదే జబ్బు నా కొంప ముంచింది.

అసలు మా ఇంట్లో పరుపు కొనడమే విడ్డూరం. మాది దూదేకేవాళ్ళ ఇల్లు. పామర్రులో మా తాత, ఆయన తండ్రి, మా నాన్న, అందరూ పరుపులు కుట్టినవాళ్ళే. పెద్ద విల్లుకు నరం బిగించి, దాన్ని కొయ్య గుండుతో మీటుతూ, ఉండకట్టిన దూదిని పొరలు పొరలుగా విప్పడం వాళ్ళ పని. ఇప్పుడు మా తమ్ముడు ఆటో మీద ఏకే మెషీను పెట్టుకుని ఊళ్ళు తిరుగుతున్నాడు. నాన్న కూడా వాడికి అడ్డం చెప్పలేదు. కానీ నా పెళ్ళికి తను కుట్టి ఇచ్చిన పరుపును మాత్రం మెషీను దగ్గరికి పోనివ్వడు. మూడేళ్ళకోసారి విజయవాడ వచ్చి, మా అపార్టుమెంటు డాబా మీద దాన్ని విప్పి, చేత్తో ఏకి, మళ్ళీ నింపి కుట్టి వెళ్తాడు. కిందటిసారి ఆ పని చేశాక పదిహేను రోజులు దగ్గాడు. దూది దుమ్ము దగ్గరికి పోవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. నాన్న బుద్ధిగా తల ఊపి, ఆస్పత్రి మెట్లు దిగుతూనే, "ఈసారి బూరుగు దూది కాస్త ఎక్కువేద్దామమ్మా" అన్నాడు.

ఆ ఈసారి రానే వచ్చింది. పరుపు నడుమ గుంట పడింది, చుట్టూ గట్టు లేచింది. స్కూల్లో రోజంతా నిలబడి లెక్కలు చెప్పి వచ్చి దాని మీద పడుకుంటే, పొద్దున్నే నన్ను నేను రెండు విడతల్లో లేపుకోవాల్సి వస్తోంది. నడుము నొప్పని నాన్నకు తెలిస్తే మర్నాడే విల్లు భుజానేసుకుని బస్సెక్కుతాడు. నువ్వు పెద్దవాడివైపోయావు, ఇక ఏకడం మానెయ్యి అని డెబ్బై రెండేళ్ళ మనిషికి ఎవరు చెప్పాలి? తమ్ముడు నన్ను చెప్పమంటాడు. నేను వాడిని చెప్పమంటాను. ఆఖరికి నేనొక దొడ్డిదారి కనిపెట్టాను. కొత్త పరుపు కొనేస్తే పాతదాన్ని ఏకే అవసరమే ఉండదు కదా! అది నాన్నకు తెలియకుండా జరిగిపోవాలి. తెలిసే రోజు వచ్చినప్పుడు చూసుకోవచ్చు.

నిజం చెప్పొద్దూ, షోరూము పరుపు మీద నాకు చిన్నప్పటి నుంచీ మోజు ఉంది. చెప్పులు కుట్టేవాళ్ళ పిల్లలకు కంపెనీ బూట్ల మీద ఉండే మోజులాంటిదే ఇదీ.

ఒక ఆదివారం నేనూ మా ఆయనా వెళ్ళాం. టై కట్టుకున్న సేల్స్‌మన్ ఎదురొచ్చి, "మీరు సైడ్ స్లీపరా మేడం, బ్యాక్ స్లీపరా, స్టమక్ స్లీపరా?" అని అడిగాడు. జీవితంలో నన్నెవరూ అలాంటి ప్రశ్న అడగలేదు. ఏం చెప్పాలో తోచక మా ఆయన వైపు చూశాను.

"మధ్యరాత్రి దాకా అన్నీనండి. తర్వాత నా మీద," అన్నాడాయన.

అక్కడ మొదలైంది నవ్వు. పడుకుని చూడండన్నాడు సేల్స్‌మన్. చెప్పులు విప్పి, చీర సర్దుకుని, బజారులో అందరికీ కనబడే అద్దాల గోడ పక్కన వెల్లకిలా పడుకున్నాను. మా ఆయన బూట్లు విప్పనంటాడు, మేజోడుకు చిల్లు. కాళ్ళు మంచం బయట వేలాడేసి నడుము దాకా పడుకున్నాడు. పక్క పరుపు మీద మరో జంట మాలాగే పైకప్పు చూస్తూ పడుకుంది. ఆవిడ తల తిప్పి, "మీది ఏ ఊరండి?" అని పలకరించింది. రైలు బెర్తుల్లో ఉన్నట్టే కబుర్లు చెప్పుకున్నాం. వాళ్ళది గన్నవరం.

తర్వాత సేల్స్‌మన్ స్ప్రింగుల పరుపు మీద నీళ్ళ గ్లాసు పెట్టాడు. "సార్, ఈ పక్కన మీరు ధబీమని కూర్చోండి. గ్లాసు కదిలితే నన్నడగండి," అన్నాడు. మా ఆయన తొంభై ఆరు కిలోలు. ఆయన కూర్చున్నాడు. గ్లాసు లేచి, గన్నవరం వాళ్ళ మీద పడింది.

ఇక నేను మనిషిని కాను. పొట్ట పట్టుకుని పక్కనున్న పరుపు మీద కూలబడి, కళ్ళనీళ్ళు కారుతుండగా, "ఇదే, ఇదే బావుంది, ఇదే ఇచ్చెయ్యండి" అన్నాను. నవ్వుతున్నప్పుడు నడుము నొప్పి తెలియదు. అలాంటప్పుడు పరుపు ఎంచకూడదని నాకు నాలుగో రోజుకు గానీ బోధపడలేదు.

పరుపు చాపలా చుట్టుకుని వచ్చింది. ప్లాస్టిక్ కోయగానే పెద్దగా ఊపిరి పీల్చుకుని గది నిండా లేచింది. పాతదాన్ని చుట్టి, బాల్కనీలో దుప్పటి కప్పి దాచాను. ఆ రాత్రి మహారాణిలా పడుకుని, నిమిషంలో దిగబడిపోయాను. మా ఆయన ఎటు పడుకుంటే అటు లోయ, నేనెక్కడ మొదలుపెట్టినా ఆ లోయలోకే జారడం. పెళ్ళయిన కొత్తలో కూడా మేమంత దగ్గరగా పడుకోలేదు. ఫోనులో చూసి మోకాళ్ళ మధ్య దిండు పెట్టుకున్నాను, దిండు జారింది. ఎడమ పక్కకు తిరిగితే భుజం నొప్పి, బోర్లా పడుకుంటే ఊపిరాడదు. ఒక రాత్రి తలా కాళ్ళూ మార్చి పడుకుంటే, తెల్లారేసరికి మా ఆయన పాదం నా చెంప కింద ఉంది. నాలుగో రాత్రి చాప తీసుకుని నేల మీదికి దిగాను. ఇంత ఎత్తు పరుపు కొనుక్కుని దాని పక్కన నేల మీద పడుకున్న నన్ను చూసి నాకే నవ్వొచ్చింది.

నచ్చకపోతే నెల లోపు వెనక్కి తీసుకుంటామని షోరూమువాళ్ళు కాగితం ఇచ్చారు. ఫోను చేశాను. శనివారం కంపెనీ మనిషి వచ్చి చూస్తాడనీ, మరక ఉండకూడదనీ, ముఖ్యంగా కుట్టు ఎక్కడా విప్పి ఉండకూడదనీ చెప్పారు. పరుపు కుట్టు ఎవరు విప్పుతారండీ అని నవ్వేశాను.

శుక్రవారం పొద్దున్నే తలుపు తీస్తే ఎదురుగా నాన్న. చేతిలో సొరకాయ, భుజాన సంచి. పెద్ద మసీదులో జుమ్మా నమాజు చదువుకుందామని వచ్చాడట. సంచి పెట్టుకోవడానికి నేరుగా పడగ్గదిలోకి నడిచాడు. అడ్డం పడదామనుకునేలోపే లోపలికి వెళ్ళాడు. గుమ్మం దగ్గర నిలబడి, నడుము నొప్పి గురించీ షోరూము గురించీ గబగబా చెప్పేశాను. ఆయన దగ్గు మాట మాత్రం నేను ఎత్తలేదు.

నాన్న పరుపును మోచేత్తో నొక్కాడు. వంగి వాసన చూశాడు. కోపం వస్తుందేమో, కళ్ళు చెమరుస్తాయేమో అని నేను చూస్తున్నాను.

"లోపల ఏముంది?" అన్నాడు.

"మెమరీ ఫోమంట నాన్నా. మన ఒంటి తీరు గుర్తుపెట్టుకుంటుందంట."

"మనదీ గుర్తుపెట్టుకుంటది. ఏకితే మర్చిపోద్ది. అది కాదమ్మా, లోపల చూశావా?"

"కుట్టు విప్పకూడదంట."

"చూడకుండానే కొన్నావా!" నాన్న నిజంగా నొచ్చుకున్నాడు. "నా కూతురివయ్యుండి, లోపలేముందో చూడకుండా పరుపు ఎట్టా కొన్నావే?"

మా వృత్తిలో అంతకు మించిన తప్పు లేదు. దూదిని పరుపు కొనేవాళ్ళ ఎదుటే ఏకాలి, వాళ్ళ ఎదుటే నింపాలి, పాత గుడ్డపీలిక కలపలేదని వాళ్ళు కళ్ళారా చూశాకే మూతి కుట్టాలి. నేను బడికి టైమైందని చెప్పి, అన్నం మూతపెట్టి, బతుకుజీవుడా అని బయటపడ్డాను. నన్ను తిట్టలేదు, అలగలేదు. దొడ్డిదారి పనిచేసిందనే అనుకున్నాను.

సాయంత్రం వచ్చేసరికి నాన్న పడగ్గదిలో నేల మీద కూర్చుని సూదులు సంచిలో సర్దుకుంటున్నాడు. ముఖం వెలిగిపోతోంది.

"మూడు పొరలమ్మా. అడుగున గట్టిది, నడిమధ్య ఒక మోస్తరుది, పైన నానిన రొట్టె లాంటిది. మోసమేం లేదులే. కానీ మన ఒళ్ళకు తిరగేసి..."

మిగతాది నాకు వినబడలేదు. "విప్పావా! రేపు కంపెనీవాళ్ళొస్తారు నాన్నా! విప్పితే వెనక్కి తీసుకోరు!"

"ఎక్కడ విప్పానో చెప్పు చూద్దాం," అన్నాడు.

నేను వెతికాను. ఆఫీసు నుంచి వచ్చిన మా ఆయన ఫోను టార్చి వేసుకుని, పరుపు చుట్టూ మోకాళ్ళ మీద పాకాడు. "ఇదిగో మావయ్యా, ఇక్కడ!" అంటాడు, కాదంటాడు నాన్న. నాలుగు మూలలూ అయ్యాయి, నాలుగు అంచులూ అయ్యాయి. తొంభై ఆరు కిలోల మనిషి మంచం కింద ఇరుక్కున్నాక నేనూ నాన్నా ఒకళ్ళనొకళ్ళు పట్టుకుని నవ్వాం. నా జబ్బు ఎవరి దగ్గర నుంచి వచ్చిందో అప్పుడు గుర్తొచ్చింది. రేపు ఎవరూ ఏమీ మాట్లాడకూడదని ముగ్గురం ఒప్పందం చేసుకున్నాం. తప్పే, ఒప్పుకుంటాను. కానీ నేల మీద పడుకుని నాకు ఓపిక అయిపోయింది.

మర్నాడు వచ్చిన కంపెనీ మనిషి నలభై అయిదేళ్ళ మర్యాదస్తుడు. బూట్లు గుమ్మంలోనే విప్పాడు. అంచు పొడుగునా వేలు పెట్టి నడిపించాడు, మూల మూలా ఫొటో తీశాడు. నాన్న కుర్చీలో కూర్చుని టీ తాగుతున్నాడు. నేను గోడకానుకుని, నవ్వు రాకుండా పెదవి కొరుక్కుంటున్నాను.

"నీట్‌గా ఉందండి. ఫ్యాక్టరీ కుట్టు ఫ్యాక్టరీ కుట్టు లాగే ఉంది. ఇక్కడ సంతకం పెట్టండి మేడం," అన్నాడాయన.

నాన్న టీ కప్పు గాల్లో ఆగింది. నేను కళ్ళతోనే వద్దన్నాను. నాన్న కిందికి చూశాడు. గట్టెక్కామనుకున్నాను. ఆ పెద్దమనిషి ఊరుకోవచ్చు కదా! పెన్ను నా చేతికిస్తూ, "ఎంతైనా మెషీను మెషీనే కదండీ. ఈ పని చేత్తో ఎవరివల్లా కాదు," అన్నాడు.

"బాబూ," అన్నాడు నాన్న. "ఆ ఎడమ మూల నుంచి జానెడు నాదేనండి."

ఆయన నమ్మలేదు. పెద్దాయన హాస్యమాడుతున్నాడనుకుని నవ్వాడు. నాన్నకు పౌరుషం వచ్చింది. కప్పు కిందపెట్టి లేచి, సూది మొనతో ఒక్క దారం పైకి లాగాడు. జానెడు మేర కుట్టు నోరు తెరిచింది. కంపెనీ మనిషి అలాగే నేల మీద చతికిలబడ్డాడు. నాన్న ఆయన పక్కనే కూర్చుని, మెషీను వదిలేసిన రంధ్రాల్లోంచే దారాన్ని ఎలా పోనివ్వాలో, ఎక్కడ బిగించాలో, ఎక్కడ వదులు ఉంచాలో చూపిస్తూ మళ్ళీ మూసేశాడు. కంపెనీ మనిషి ఇందాక చూసిన చోటే మళ్ళీ చూసి, వేలు పెట్టి, కనబడక, తల గోక్కున్నాడు.

"ఎన్నాళ్ళ నుంచి చేస్తున్నారండీ? ఇంకా ఏకుతున్నారా?" అని అడిగాడు.

నాన్న దారం కొరికి తెంపాడు. "ఏకడం మానేశానండి. ఊపిరి చాలట్లేదు. కుట్టు పని మాత్రం చేస్తున్నా," అన్నాడు.

ఎప్పుడు మానేశాడు? నాకెవరూ చెప్పలేదు. తమ్ముడికీ తెలియదు. ఆ నిమిషంలోనే మానేశాడు, ముక్కూ మొహం తెలియని మనిషి ముందు, నా వైపు చూడకుండా. నేను మూడేళ్ళుగా నోట్లో నలిపి మింగుతున్న మాటను తనే తీసి అక్కడ పెట్టాడు. ఏడుపొచ్చింది. నాది పాడు జబ్బు కదా, అది నవ్వులాగే బయటికి వచ్చింది.

కంపెనీ మనిషి చాలాసేపు ఇబ్బంది పడి, రూలు ఒప్పుకోదండీ అని, వెనక్కి తీసుకోవడం కుదరదని రాసి వెళ్ళిపోయాడు. నాన్నకు అప్పుడు తెలిసొచ్చింది తను చేసిన పని. "అయ్యో తల్లీ, నా నోటి దురదతో నీ పరుపు నీకే అంటగట్టానే!" అని నెత్తి కొట్టుకున్నాడు. తిరగేసి పడుకోమని నిన్న చెప్పబోయిన మాట మళ్ళీ చెప్పాడు. ముగ్గురం పట్టి తిరగేశాం. గట్టి పొర పైకొచ్చింది. బాల్కనీలోని పాత పరుపును నాన్నే బయటికి లాగి, తమ్ముడికి ఫోను చేసి, మెషీను తెమ్మన్నాడు.

ఇప్పుడు నేను ఎడమ పక్కకు తిరిగి పడుకుంటాను. భుజం నొప్పి లేదు, లోయ లేదు. కుడి చెయ్యి చాస్తే నాన్న కుట్టిన మూల అందుతుంది. ఆ జానెడు ఎక్కడ మొదలవుతుందా అని వేలితో వెతుక్కుంటూ వెళ్తాను. ఇంతవరకూ దొరకలేదు. వెతుకుతుండగానే నిద్ర పట్టేస్తుంది.