గంజి పట్టించిన పాలరాయి

ఒక గది, ఒక పెళ్లి, ఒక పంచె. మూడింటినీ ఒకే పూట ప్రమాదంలో పడేసిన ఘనుణ్ణి నేనే. చదువుతూ నవ్వొస్తే మొహమాటపడకండి, మా అమ్మ ఇప్పటికీ పడదు.

కరోనా రోజులు. సూరత్‌లో మేం నడిపే సాంచాలన్నీ, అదే మరమగ్గాలన్నీ, ఆగిపోయాయి. మగ్గాల చప్పుడు లేక, మేముండే డిండోలిలో మాకు నిద్ర పట్టడం మానేసింది. మా మేనమామ ఎల్లయ్య తన ముందుగదికి వేయిద్దామని కొన్న తెల్ల పాలరాతి పలకలు గోడకు ఆనించి ఉండిపోయాయి. వేయాల్సిన మేస్త్రీ సొంతూరు వెళ్లిపోయాడు. మామ కూతురు లతను నాకిస్తారన్న మాట చిన్నప్పటినుంచీ ఉంది. మాటైతే ఉంది గానీ, మామకు నామీద నమ్మకమే లేదు.

"సాంచ నడుపుడు తప్ప నీకేమొస్తదిరా?" అన్నాడోరోజు.

"బండలేసుడొస్తది మామా" అన్నాను. ఎందుకన్నానో ఆ దేవుడికే తెలియాలి.

"గట్లనా? అయితే ముందర్రూము నీదే. నిశ్చితార్థం గా బండల మీదనే. సక్కగేస్తే పిల్లనిస్త. పాడుజేస్తివా, మళ్ల నా గడప తొక్కకు."

ఆ మాటతో నా గుండె సాంచలా కొట్టుకోవడం మొదలుపెట్టింది. లత నాక్కావాలి. అంతకంటే సూటిగా చెప్పడం నాకు రాదు.

సగం షట్టరు కింద నుంచి సామాను అమ్ముతున్న దుకాణంవాడి ముందు వంగి నిలబడ్డాను. "అసలీ పత్థర్ హై? తో సఫేద్ మసాలా లే. కాలా సిమెంట్ లగాయేగా తో దాగ్ ఊపర్ ఆయేగా" అన్నాడు. పాలరాయి తడి తాగుతుందట, అందుకే తెల్ల మసాలాతోనే అతికించాలట. మామూలు సిమెంటు పెడితే ఆ నలుపు మచ్చలై పైకి తేలుతుందట. నాలుగు మూలలా ముద్దలు పెట్టి అతికించకుండా, వెనకంతా సమంగా పూయమన్నాడు. తడి పూర్తిగా ఆరాక, మళ్లీ తడీ మచ్చలూ లోపలికి దిగకుండా పైన సీలర్ పట్టించమన్నాడు. అది మాత్రం అప్పుడు లేదు, "అగలే హఫ్తే" అంటూ వచ్చే వారం రమ్మన్నాడు.

అతికించే పని అక్షరాలా అతను చెప్పినట్టే చేశాను. మామ మోకాళ్లమీద కూర్చుని ప్రతి పలకనూ వేలితో కొట్టి చెవి పెట్టి విన్నాడు.

"ఎక్కడ గుల్లలేదు" అన్నాడు, కొంచెం నిరాశగా.

అక్కడితో ఆగితే ఈ కథ మీకు చెప్పాల్సిన పనే ఉండేది కాదు. అనుకున్న వారం వచ్చేసరికి మా ఏరియాకు మళ్లీ తాళం పడింది. సీలర్ లేదు, ముహూర్తం మాత్రం దగ్గరపడింది. పైగా అత్తమ్మ చేతిలోంచి చిటికెడు పసుపు తడిమీద పడి, ఓ మూల పచ్చటి మచ్చ దిగిపోయింది. ఎంత రుద్దినా పోదే! మామ చూడకుండా దానిమీద పూలకుండీ పెట్టాం. నిశ్చితార్థమంటే గది నిండా పసుపూ కుంకుమే కదా. ఇక నా గతేమిటి?

అప్పుడొచ్చింది ఆ దిక్కుమాలిన ఆలోచన. మా నాయన మగ్గం నేసే రోజుల్లో పడుగుకు గంజి పట్టించేవాడు. నూగంతా అణిగి, దారం నున్నగా అయ్యేది. మామ ఇంట్లో లేని పూట చూసి, చింతగింజల పిండితో చిక్కగా గంజి కాచి, గుడ్డతో గదంతా పట్టించడం మొదలుపెట్టాను.

లత గుమ్మంలో ఆగిపోయింది. "బావా, యే క్యా కర్ రహే హో? గంజి దారానికి గదా పెడ్తరు!"

"దారానికి నూగుంటది, రాయికి బొక్కలుంటయి. గంజి రెండిట్ని మూస్తది."

"పానీ లగేగా తో? నీళ్లు తగిల్తెనో?"

"ఎండినంక ఏం గాదు, నువ్వు జర ఊకో."

ఎండాక నేల అద్దంలా మెరిసింది. మామ తన ముఖం చూసుకుని మీసం కూడా సర్దుకున్నాడు.

నిశ్చితార్థం రోజున వాన. అసలే కరోనా, వచ్చినవాళ్లంతా గుమ్మంలో కాళ్లూ చేతులూ కడుక్కుని తడికాళ్లతో లోపలికి రావడం. లత చాప తెచ్చి పరచబోయింది.

"చాపెందుకు? నా బండలు కనబడొద్దా?" అని మామ దాన్ని లాగేశాడు. కొత్త పంచె కట్టుకుని, గది మధ్యలో తడి కనిపించినా లెక్కచేయకుండా కూర్చున్నాడు.

మా అమ్మ అడుగు తీసి అడుగు వేస్తే "చప్" మని చప్పుడొచ్చింది. లత నావైపు చూసింది. నేను ఫ్యానువైపు చూశాను. చుట్టాలంతా దూరదూరంగా కూర్చున్నచోటు నుంచి కదల్లేదు. దూరం పాటించడంలో మమ్మల్ని మించినవాళ్లు ఆ రోజు సూరత్‌లో లేరు.

కులపెద్ద నర్సయ్య గొంతు సవరించుకున్నాడు. "ఎవలకన్న అడ్డముంటే లేసి చెప్పుండ్రి." మావాళ్లలో లేచి నిలబడి అన్నదే మాట. కూర్చుని ఎంత అరిచినా లెక్కలోకి రాదు.

సరిగ్గా అప్పుడే మామ నేలమీద చెయ్యి ఆనించాడు. చెయ్యి ఎత్తితే తీగలు సాగాయి. వేళ్లు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. పుట్టినప్పటినుంచీ మగ్గం పక్కన పెరిగినవాడికి ఆ వాసన ఒకరు చెప్పాలా?

"గంజి!" అన్నాడు. తర్వాత నావైపు తిరిగాడు. లత చేజారిపోయిందనే అనుకున్నాను. "గీ పిచ్చోనికి నా పిల్లనియ్య!"

"లేసి చెప్పు ఎల్లయ్యా" అన్నాడు నర్సయ్య.

మామ లేవబోయాడు. పంచె లేవలేదు. గట్టిగా గుంజితే నేల వదల్లేదు గానీ నడుం దగ్గర ముడి వదిలింది. ఎదురుగా ఆడవాళ్లు. మామ ముడి పట్టుకుని మళ్లీ కూలబడ్డాడు.

"నేను ఒప్పుకోనంటున్న గదా!"

"గా ముక్క లేసి అను."

"ఎట్ల లేద్దునయ్యా?"

"లేవలేదంటే అడ్డం లేనట్టే. తాంబూలాలు మార్చుకోండ్రి" అన్నాడు నర్సయ్య.

అత్తమ్మా అమ్మా పళ్లేలు మార్చుకునేలోపే లత తన చీర కొంగున తాంబూలం ముడేసుకుని నావైపు చూసి నవ్వింది. నాకు ఏడుపొచ్చేంత సంతోషమైంది.

వచ్చినవాళ్లంతా వెళ్లాక, మామ నడుముకు దుప్పటి చుట్టుకుని కుర్చీలో కూర్చున్నాడు. నేను నేలమీద కూర్చుని వేడినీళ్లతో ఆ గంజిని గీకుతూ, ఇక ఈ జన్మలో దారానికి పట్టించేది రాయికి పట్టించనని, సీలర్ దొరక్కపోతే ముహూర్తాన్నే ఆపుతానని ఆ పాలరాతి సాక్షిగా ప్రమాణం చేశాను.

లత మాత్రం ఇప్పటికీ నమ్మదు. కూర్చుని చేసిన ప్రమాణమట, లెక్కలోకి రాదట.