బడి గ్రౌండ్‌లో ఎవరి కాయ?

మొన్న మా హైస్కూల్ మీటింగ్‌లో ఏం జరిగిందో ఈపాటికి మీకు ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. వాళ్లు నాలుగు కలిపి చెబుతారు. అందుకని నా నోటితోనే వినండి.

ఈ ఏడాది పేరెంట్స్ కమిటీకి నేనే చైర్మన్ని. హెడ్మిస్ట్రెస్ మేడమ్ అందర్నీ వరండాలో కూర్చోబెట్టి, "వలీ గారూ, మన బడిలో ఏది బాగుంది, ఏది బాగాలేదు, మొహమాటం లేకుండా చెప్పండి" అన్నారు. మొహమాటం నాకు పుట్టుకతోనే లేదు. పైగా ఆ రోజు ఒళ్లు మండిపోతోంది. గుంటూరు మిర్చి యార్డు నుంచి పొద్దున్నే ఇంటికి వచ్చేసరికి మా అమ్మాయి షమీమ్ మొహం మాడ్చుకుని కూర్చుంది. తొమ్మిదో తరగతి, ఖోఖో టీమ్‌లో ఉంది. శనివారం అద్దంకిలో పోటీలు పెట్టుకుని ప్రాక్టీస్ లేదంట. ఎందుకు లేదే అంటే చెప్పదు.

ముందు మంచివి చెప్పాను. పిల్లాడు రాకపోతే లెక్కల మాస్టారు చేలోకి వెళ్లి మరీ లాక్కొస్తారు. సైన్స్ మేడమ్ చెప్పిన పాఠం మా అమ్మాయి ఇంట్లో వాళ్లమ్మకి మళ్లీ చెబుతుంది. తర్వాత చెడ్డవి, మేడమ్ లోపాలని రాసుకుంటున్నారు. ఆడపిల్లల బాత్రూమ్‌కి గడియ లేదు. ల్యాబ్‌కి తాళం ఉంది, తాళంచెవి ఎక్కడుందో ఎవరికీ తెలీదు. అందరూ తలలూపుతున్నారు. నాకు ఊపొచ్చింది.

అప్పుడు గ్రౌండ్ వైపు చూశాను. ఈ చివర నుంచి ఆ చివరదాకా మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. గాలి తిరిగితే చాలు, క్లాసుల్లో పిల్లలు తుమ్ముతున్నారు. ప్రాక్టీస్ ఎందుకు లేదో అప్పుడర్థమైంది.

"ఇదీ అసలు జబ్బు" అని లేచి నిలబడ్డాను. "బడి గ్రౌండ్ వాడబ్బ సొత్తా? పిల్లలు ఆడుకునే చోట కాయ పోసినోడికి బుద్ధుందా? వాణ్ణి పిలిపించండి, నేను మాట్లాడతా."

మేడమ్ తల దించుకున్నారు. పక్కనున్న నా చిన్నప్పటి స్నేహితుడు ఏసురత్నం చొక్కా పట్టి లాగాడు.

"ఏరా, వాడంటే నీకు భయమా?" అన్నాను.

"భయం కాదురా. వాడు నువ్వే. కూర్చో."

అప్పుడు గుర్తొచ్చింది. నేను యార్డులో ఉండగా మా ఆవిడ ఫోన్ చేసి, వానకి కల్లంలో నీళ్లు నిలిచాయి, కాయ ఎక్కడ పోయించను అంది. యార్డులో అప్పుడే నా బస్తాలు కాటా వేస్తున్నారు. "ఖాళీ ఎక్కడుంటే అక్కడ పోయించు, నన్ను విసిగించకు" అని పెట్టేశాను.

"చైర్మన్ గారి కాయ కదా, ఎలా తీయమంటామండీ" అన్నారు మేడమ్ మెల్లగా. నేను తిట్టిన తిట్లకంటే ఆ మాటే ఎక్కువ తగిలింది. తొమ్మిదో తరగతి కిటికీలోంచి షమీమ్ నన్నే చూస్తోంది. ఆ పిల్ల నోరెందుకు విప్పలేదో తెలిసి సిగ్గుతో చచ్చిపోయాను.

ఇస్త్రీ చొక్కాతోనే దిగి కాయ ఎత్తాను. ఏసురత్నం కూడా దిగాడు. ఇన్నేళ్లుగా మిరప పండిస్తున్నవాణ్ణి, అదే చేత్తో కళ్లు నులుముకున్నాను. షమీమ్ చెంబుతో నీళ్లు తెచ్చి, "ఏడుస్తున్నావా నాన్నా?" అంది. ఘాటమ్మా అన్నాను. "సరే, పక్కకి జరుగు, ప్రాక్టీస్ ఉంది" అని పరిగెత్తింది. టీమంతా తుమ్ముకుంటూనే ఆడింది.

వెళ్లేటప్పుడు మేడమ్ అడిగారు, "లోపాల లిస్టులోంచి గ్రౌండ్ కొట్టేయమంటారా?"

"కొట్టేయండి మేడమ్, అక్కడ చైర్మన్ అని రాసుకోండి" అన్నాను.

నవ్వుతారనుకున్నాను. రాసుకున్నారు.