వనజక్క గోడకు అంటించిన కాగితం

ప్రింటర్‌లోంచి అప్పుడే వచ్చిన కాగితం వేడిగా ఉంటుంది. నిన్న జనగామలో ఒక ల్యాబ్ కౌంటర్ దగ్గర నా షుగర్ రిపోర్టు అలాగే చేతికొచ్చింది. పేరు తెలుగులో ఉంది, ఒత్తులన్నీ వాటి వాటి చోట కుదురుగా కూర్చున్నాయి. వాటినే చూస్తూ నిలబడ్డాను. పక్కనున్న తొర్రూరు పరిచయస్తుడొకాయన నా వెనకటి ఉద్యోగం గుర్తొచ్చి కాబోలు, "మీ వనజక్క బెదిరి దుకాణం మూసుకున్నది గదా, పాపం" అన్నాడు. తొర్రూరులో ఎవరినడిగినా ఇదే కథ. కంప్యూటర్‌లో ఏదో చిన్న లోపం బయటపడితే బెంబేలెత్తి, తన నోటితో తానే అందరికీ చెప్పుకొని, ఉన్న ఒక్క పెద్ద గిరాకీని పోగొట్టుకుందని. బెదిరిందట! ఆమె పక్క కుర్చీలో ఏళ్ళ తరబడి కూర్చున్నదాన్ని, ఆమె బెదరడం నేను చూడలేదు. చూసినవాళ్ళుంటే ముందుకు రమ్మనండి.

వనజక్క కొడకండ్ల మనిషి. డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పి, అది మానేసి, తొర్రూరులో ఒక విత్తనాల దుకాణం పైన రెండు గదుల్లో సాఫ్ట్‌వేర్ ఆఫీసు పెట్టింది. మెట్లెక్కుతుంటే పురుగుమందుల వాసన గుప్పున కొట్టేది. దంతాలపల్లి నుంచి బస్సులో వెళ్ళి ఇంటర్వ్యూకి కూర్చుంటే ఆమె అడిగిన మొదటి మాట, "నీకు నోరెక్కువనట గదనే?"

"గట్ల అన్నోళ్ళెవలో జెప్పున్రి, ఆళ్ళతోనే మాట్లాడ్త" అన్నాను.

"గిదే గావాలె నాకు. రేపటిసంది రా" అంది.

నా నోటితో ఆమెకు నిజంగానే పనుండేది. మా వృత్తిలో ప్రతిదీ మనమే రాయం. ప్రపంచంలో ఎక్కడో ఎవరో రాసి, అందరూ వాడుకోండని ఉచితంగా పెట్టిన కోడ్‌ను తెచ్చి మన పనిలో కలుపుకుంటాం. వాటిని లైబ్రరీలంటాం. వాళ్ళు లోపాలు దిద్ది కొత్త వెర్షన్లు వదులుతూ ఉంటారు, ఏం మారిందో కింద రాస్తారు. చాలా ఆఫీసుల్లో ఆ రాత ఎవరూ చదవరు. వనజక్క మాత్రం పొద్దున చాయ్ తాగుతూ దాన్ని గట్టిగా చదివి, మన మాటల్లో చెప్పి, నావైపు తిరిగేది: "ఇగ కొట్లాడు." ఈ మార్పు మనకెందుకు, దీంతో ఏం చెడిపోతుంది అని నేను వాదించాలి. నేను ఓడిపోతే మార్చేవాళ్ళం. నేను గెలిస్తే ఆగేవాళ్ళం. ఆమెను మించి వాదించిన రోజున నాకు మిర్చి బజ్జీలు తెప్పించేది.

మా పెద్ద గిరాకీ అయిన భూపాలపల్లి రాజేందర్‌ది రక్తపరీక్షల ల్యాబ్. మహబూబాబాద్‌లో, జనగామలో కూడా కౌంటర్లుండేవి. రిపోర్టు లింకుగా పేషెంట్ ఫోనుకు పోయేటట్టు మేమే చేసిచ్చాం. ఆ రిపోర్టును కాగితం రూపంలోకి మార్చేది ఒక ఉచిత లైబ్రరీ. దాని కొత్త వెర్షన్లో తెలుగు చెదిరిపోయేది, ఒత్తులు ఊడి పక్కన పడేవి. ఆసారి వాదన తిరగబడింది: మార్చేద్దాం, కావాలంటే పేర్లు ఇంగ్లిషులో పెడదాం అని నేను. కుదరదని ఆమె. "తెలుగుల పేరు సక్కగ లేని కాయిదం చేతుల వెడితే, గిది నాదేనా అని ఏ అవ్వన్న అడుగుతది. ఏం జెప్తవ్?" ఆ రోజు నేను ఓడిపోయాను. నెలల తరబడి పాత వెర్షన్‌తోనే ఉండిపోయాం.

ఒక పొద్దున చాయ్ చల్లారిపోయేదాకా ఆమె గట్టిగా చదవలేదు. పాత వెర్షన్లో రంధ్రం ఉందట. తెలిసినవాడు ఒక లింకు పట్టుకొని మిగతావాళ్ళ రిపోర్టులన్నీ లాగగలడట. దిద్దుబాటు కొత్త వెర్షన్లోనే ఉంది. నేను నోరు తెరిచేలోపే, "నువ్వు గెలిచినవ్. ఇంగ్లిషుల వెట్టు, ఇప్పుడే మార్చు" అంది. మధ్యాహ్నానికల్లా మార్చేశాం. ఇక్కడితో ఆగి ఉంటే ఇవ్వాళ ఆ ఆఫీసు ఉండేదేమో. ఆమె ఆగలేదు. మీ పాత రిపోర్టులు బయటివాళ్ళు చూసి ఉండవచ్చు, తప్పు మా ఆఫీసుది అని కాగితం మీద పెద్దక్షరాలతో రాసి, కౌంటర్ల గోడలకు అంటిస్తానని రాజేందర్‌కు ఫోన్ చేసింది. స్పీకర్లో ఆయన గొంతు నాకూ వినిపించింది.

"ఎవలికి తెల్వకపాయె, మేడం. సప్పుడుజేయక సక్కజేసుకోరాదు?"

"ఎవలికి తెల్వదన్న సంగతి మనకెట్ల తెలుసు, రాజేందరన్నా?"

"గోడకు కాయిదం అంటిస్తే రేపు నా మెట్లెవడెక్కుతడు? అంటిచ్చిన్రో, మీకు నాకు రాంరాం."

"రాంరామన్నా" అని ఫోన్ పెట్టేసి, గమ్ము డబ్బా సంచిలో వేసుకుంది. "ఎవలి గోడైతెనేమి, రిపోర్టులు జనాలయి" అంది. చెప్పండి, బెదిరిన మనిషి మాటేనా ఇది?

మహబూబాబాద్‌కు నేనూ వెంట వెళ్ళాను. కౌంటర్ పక్క గోడకు ఆమె కాగితం అంటించి నిమురుతుండగానే చంకలో బిడ్డతో ఒకామె వచ్చి మెల్లగా చదివింది. చదివి, వనజక్క కొంగు పట్టుకుంది.

"నాది గూడ జూసిన్రా, అక్కా?"

"తెల్వది, బిడ్డా."

"మా ఆడిబిడ్డ ఫోన్లనే ఉంటదెప్పుడు. ఆమె జూసిందా?"

"తెల్వదమ్మా. జూసిన్రంటె అబద్దం, జూడలేదంటె గూడ అబద్దమే."

ఏం పరీక్ష అని మేం అడగలేదు. ఆమె చెప్పలేదు. బిడ్డను భుజం మార్చుకొని వెళ్ళిపోయింది. సాయంత్రానికి ఆ కాగితాన్ని ఎవరో చింపేశారు. రాజేందర్ మాకిచ్చే పని పోయింది. మరుసటి ఏడు మా ఆఫీసూ పోయింది, నేను జనగామలో వేరే ఉద్యోగంలో చేరాను.

వనజక్క ఇంట్లో కూర్చుని ఆ లైబ్రరీలో తెలుగును బాగుచేయడం మొదలుపెట్టింది. దాన్ని చూసుకునేది ఎక్కడో దూరదేశంలో ఒక్కడే మనిషట, సెలవు రోజుల్లో పైసా తీసుకోకుండా చేస్తాడట. అతనికి రాసిన మొదటి ఉత్తరంలో ఫిర్యాదు లేదు, "మీ మీద ఇంతమందిమి ఆనుకున్నం, మీరెట్ల ఉన్నరు?" అని ఉంది. నాకు తెలుగులో చదివి వినిపించాకే ఇంగ్లిషులో పంపింది. ఆమె దిద్దుబాటు తర్వాతి వెర్షన్లో కలిసింది. నిన్న నా చేతిలో వేడిగా ఉన్న కాగితం మీద ఒత్తులు కుదురుగా ఉన్నాయంటే అందులో ఆమె చెయ్యి ఉంది. ఆ పరిచయస్తుడి రిపోర్టులోనూ ఉంది. ఆ మాట ఆయన మొహం మీదే చెప్పాను, కౌంటర్లో అందరూ తిరిగి చూశారు. చూడనీ.

పోయిన ఎండాకాలం వనజక్క గుండెపోటుతో పోయింది. ఇప్పటి మా ఆఫీసులో పొద్దున చాయ్ వేళ మార్పుల రాత నేను గట్టిగా చదువుతాను, కొత్తగా చేరిన పిల్లలు నవ్వుకుంటారు, "ఇక కొట్లాడండి" అంటాను. ఒక్కటి మాత్రం తేల్చడం నావల్ల కాలేదు. రిపోర్టులున్న మా పాత ఆఫీసు యంత్రంలోకి ఎవరు వచ్చి పోయారో తెలిపే వివరాలు కొద్ది రోజులవే మిగిలేవి, పాతవి వాటంతటవే చెరిగిపోయేవి. రంధ్రం సంగతి తెలిసేనాటికి మిగిలిన ఆ కొద్ది రోజుల్లో బయటివాళ్ళెవరూ రాలేదు. అంతకు ముందు నెలల సంగతి? "ఎవలు రాలేదనుకోరాదక్కా" అని ఒకసారి అంటే, "అనుకునుడు నీకూ నాకూ సాలు, గా పిల్లకు సాలదు" అంది. చంకలో బిడ్డతో వచ్చిన ఆ పిల్ల పేరు కూడా నాకు తెలియదు. ఇంతకూ ఆమె రిపోర్టు ఎవరైనా చూశారా?